ఇంట్లో చూసే సినిమాలకూ మీ పేజీలో చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది అనంతపురం. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్, కుచ్చులు వేసి ఇస్తుంటాను. మీ పేపరు మా ఇంటికి ఇరవై ఏళ్లుగా వస్తోంది. నాకంటే ముందు మా అత్త చదువుతుంది. ఆమెకు 78 ఏళ్లు. చెవులు సరిగ్గా వినపడవు గానీ చూపు బాగుంది. ఐదో తరగతి వరకే చదువుకున్నా, అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి ఒక్క అక్షరం వదలకుండా చదువుతుంది. మొన్న శుక్రవారం మీ సినిమా పేజీ మడిచి నా మిషన్ మీద పెట్టి అడిగింది: "ఏమ్మే, దీనికి ఇన్ని కోట్లు వచ్చినాయి, దానికి అన్ని కోట్లు వచ్చినాయి అని రాసినారు. మనం ఇంట్లో కూర్చోని చూసేదానికి ఏది బాగుంటుందో ఒక్క ముక్క రాయలేదేమి?"

ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అత్త మోకాళ్లతో థియేటర్ మెట్లు ఎక్కలేదు. మావారు షాపు మూసి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. నలుగురం కలిసి కూర్చునేది ఆదివారం రాత్రి ఒక్కటే. ఆ ఒక్క పూటా ఏం చూడాలో తేలక, టీవీలో బొమ్మలు జరుపుకుంటూ పోతే అరగంట గడిచిపోతుంది. పెద్ద హీరోల సినిమాలే ముందు వరసలో కనిపిస్తాయి. చిన్న సినిమా ఎక్కడో అడుగున ఉంటుంది, పేరు తెలిసి వెతికితే తప్ప దొరకదు. ఒకసారి పోస్టర్ చూసి కుటుంబ కథ అనుకుని పెట్టాం. పది నిమిషాలకే అబ్బాయి తల వంచుకున్నాడు, మావారు లేచి ఆపేశారు. ఆ వారం మళ్లీ ఏదీ చూడలేదు.

అప్పటి నుంచి తెలిసినవాళ్లను అడిగి, పేర్లు కటింగ్ నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుంటున్నాను. కొలతలన్నీ ముందు పేజీల్లో, సినిమాలు వెనక.

మొదటి పేరు 'మల్లేశం'. 2019లో రాజ్ రాచకొండ తీశారు. చింతకింది మల్లేశం గారి జీవితమే కథ. ఆయన ఆరో తరగతితో చదువు ఆపేసిన చేనేత కుటుంబం మనిషి. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే రంగులద్దే ముందు పోగును మేకుల చుట్టూ వరసగా చుట్టాలంటే, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ భుజం పట్టేసి రాత్రుళ్లు నొప్పితో మూలుగుతుంటే చూడలేక, ఏళ్ల తరబడి అప్పులు చేసి, ఊరంతా పిచ్చోడన్నా వినకుండా ఆసు యంత్రం తయారుచేశారు. దానికి వాళ్లమ్మ పేరే పెట్టారు, లక్ష్మి ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది.

నేను ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టాను. మా దగ్గర ఆసు పని లేదు, మా పట్టు చీరల పద్ధతి వేరు. కానీ మా అమ్మ పని నాకు తెలుసు. మగ్గం మీద ఒక వార్పు, అంటే నిలువు పోగుల చుట్ట, అయిపోయి కొత్తది వచ్చినప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొస ఒక్కొక్కటే అతకాలి. వేల పోగులు. అమ్మ వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి బొటనవేలితో ఒక్క నలుపు నలిపేది. ఆ పోగు ఇక ఊడదు. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేది. వేళ్ల కొసలు అరిగి నున్నగా అయిపోయాయి. ముసలితనంలో వేలిముద్ర మిషన్ మీద పెడితే పట్టేది కాదు, రెండు మూడు వేళ్లు మార్చి చూడాల్సి వచ్చేది. ఈ సినిమాలో తల్లిగా చేసిన ఝాన్సీ గారు భుజం పట్టుకుని కూర్చున్న చోట నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. మా అబ్బాయి వెనకే వచ్చి "అవ్వకు కూడా ఇట్లే నొప్పి ఉండేదా మా?" అని అడిగాడు. మా అమ్మ గురించి వాడు అంత శ్రద్ధగా అడగడం అదే మొదటిసారి. ఆ రాత్రి పన్నెండు దాకా చెప్తూ కూర్చున్నాను.

అందులో హీరోగా చేసిన ప్రియదర్శి ఆ రోజు నుంచి మా అత్తకు మల్లేశమే. 'బలగం'లో కనిపించగానే "మల్లేశం వచ్చినాడు" అంది. వేణు యెల్దండి 2023లో తీసిన సినిమా అది. ఇంటి పెద్ద చనిపోతాడు, పెట్టిన ముద్ద కాకి ముట్టదు. ఎందుకు ముట్టదంటే ఎప్పుడో విందులో నల్లి బొక్క (మూలుగ ఉండే ఎముక) దగ్గర మాటా మాటా వచ్చి అల్లుడు లేచి వెళ్లిపోయాడు, ఆడబిడ్డకు పుట్టిల్లు దూరమైంది. ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్ల దూరమా అని బయటివాళ్లకు అనిపిస్తుందేమో. మా ఇళ్లల్లో ఇంతకన్నా చిన్నవాటికే మాటలు ఆగిపోయాయి. మాట తెలంగాణది, కొన్ని పదాలు మా అత్తకు నేను చెప్పాల్సి వచ్చింది. కాకి కోసం ఎదురుచూడటం మాత్రం ఎవరూ చెప్పనక్కరలేదు. చివర్లో బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే, పాట సరిగ్గా వినపడకపోయినా అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. మరుసటి రోజు పొద్దున్నే తాడిపత్రిలో ఉన్న వాళ్ల తమ్ముడికి ఫోన్ కలపమంది. ఆరేళ్లుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఏం మాట్లాడుకున్నారో రాయను, అది వాళ్లది. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో చనిపోయారన్న వార్త కూడా మా అత్తే పేపర్లో చూసి చెప్పింది.

'35 చిన్న కథ కాదు' పిల్లలున్న ఇళ్లల్లో తప్పక చూడాలి. 2024లో వచ్చింది, తిరుపతిలో జరిగే కథ. సున్నాకు విలువ లేదంటారు, అదే ఒకటి పక్కన పెడితే పది ఎట్లా అవుతుందని ఒక పిల్లవాడు అడుగుతాడు. జవాబు చెప్పేవాళ్లు లేక లెక్కల్లో వెనకబడతాడు. పదో తరగతి తప్పిన తల్లి, కొడుకు కోసం మళ్లీ లెక్కలు నేర్చుకుంటుంది. నివేదా థామస్ ఆ తల్లిగా చేశారు. నేను కూడా పది తప్పినదాన్నే. మా అబ్బాయి లెక్కల పుస్తకం ముట్టుకోవడానికి ఇన్నేళ్లూ భయపడ్డాను. కానీ జాకెట్టు కొలత తీసి, చుట్టుకొలతను నాలుగు భాగాలు చేసి, కుట్టుకు అర అంగుళం కలిపి గుడ్డ కోసేది కూడా లెక్కే కదా అని ఆ సినిమా చూశాక అనిపించింది. ఇందులో ప్రియదర్శి కఠినమైన లెక్కల మాస్టారు. అత్తకు కోపం వచ్చింది. "మల్లేశం ఇట్లయిపోయినాడేమి?" అని రెండు రోజులు అంది.

'సినిమా బండి' గురించి మా సీమవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2021లో ప్రవీణ్ కండ్రేగుల తీసిన ఈ సినిమా నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లోనే వచ్చింది. ఆటో డ్రైవర్‌కు తన బండిలో ఎవరో మర్చిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే స్నేహితుణ్ని పట్టుకుని, ఊళ్లో మంగలి కుర్రాణ్ని హీరోగా, కూరగాయలమ్మే అమ్మాయిని హీరోయిన్‌గా పెట్టి సినిమా తీయడం మొదలుపెడతాడు. కర్ణాటక సరిహద్దు పల్లె కథ. మా చెల్లెల్ని మడకశిర వైపు ఇచ్చాం, వాళ్ల ఇంటికి వెళ్తే వినపడే మాటతీరే ఇందులోనూ వినపడింది. సీమ అనగానే తెర మీద బాంబులు, సుమోలు, కత్తులు. మా పిల్లలు బయటి ఊళ్లకు చదువుకు పోతే మీ ఇళ్లల్లో బాంబులుంటాయా అని అడుగుతారు. నాకు అది చాలా బాధగా ఉంటుంది. అనంతపురం జిల్లాలో అరవై ఏళ్లు దాటినవాళ్లను అడగండి, వాన గురించి చెప్తారు, వేరుశనక్కాయ గురించి చెప్తారు. 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి గారు పుట్టింది తాడిపత్రిలో. ఆయన మా ఊరాయన అని మా అత్త ఇప్పటికీ చెప్పుకుంటుంది. 'సినిమా బండి' నిడివి గంటా నలభై నిమిషాలే, అంతసేపైతే అత్త నడుము నొప్పి లేకుండా కూర్చోగలదు.

'మిడిల్ క్లాస్ మెలోడీస్'లో గుంటూరులో హోటల్ పెట్టాలనుకునే కుర్రాడు చేసే బొంబాయి చట్నీ చూసి, మరుసటి రోజు పొద్దున మా ఇంట్లో పూరీలే. కొడుకును నోరారా తిట్టే తండ్రిగా గోపరాజు రమణ గారు ఎంత బాగా చేశారో. 'కేరాఫ్ కంచరపాలెం' కూడా నోట్‌బుక్‌లో ఉంది. నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ పేటవాళ్లేనట, చూస్తుంటే నమ్మాలనిపిస్తుంది.

'కోర్ట్' మాత్రం కాస్త ఆలోచించే పెట్టాను. 2025లో వచ్చింది. పంతొమ్మిదేళ్ల అబ్బాయి, పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడతారు. అమ్మాయి ఇంటివాళ్లు అబ్బాయి మీద పోక్సో కేసు, అంటే పిల్లలపై లైంగిక నేరాలకు పెట్టే కేసు, పెట్టిస్తారు. 2012లో వచ్చిన ఈ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్లు ఒప్పుకున్నారన్న మాట చెల్లదు. అమ్మాయిలకు ఇది పెద్ద రక్షణ, అది ఉండాల్సిందే. అబద్ధాలు కలిపితే ఒక కుర్రాడి జీవితం ఏమవుతుందో సినిమాలో చూపించారు. మా అబ్బాయికి ఇప్పుడు పదిహేడు. ఈ విషయాలు వాడితో ఎట్లా మొదలుపెట్టాలో మాకిద్దరికీ తెలిసేది కాదు. సినిమా అయ్యాక టీవీ ఆపి, మావారే మాట్లాడారు. వాడు తల వంచుకోలేదు, తిరిగి ప్రశ్నలు అడిగాడు. అందులో లాయరు మళ్లీ ప్రియదర్శే. అత్తకు మాస్టారి మీద కోపం ఆ రోజుతో పోయింది.

సంపాదకులు గారూ, వారానికి ఒక్కటి చాలు. ఆదివారం పేజీలో ఓ మూల ఇంట్లో చూడదగిన సినిమా పేరు, ఏ సంవత్సరంలో వచ్చింది, ఎంతసేపు, ఎక్కడ దొరుకుతుంది, పిల్లలతో చూడవచ్చా లేదా అన్నది నాలుగు లైన్లలో రాయండి. కొత్తదే కానక్కర్లేదు. ఇంకో విషయం కూడా రాయండి: కింద తెలుగులో అక్షరాలు వస్తాయా రావా అని. మేం చూసినవాటిలో మాటలు తెలుగులో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. చెవులు వినపడని మా అత్తకు తెలుగు చదవడం బాగా వచ్చు. ఆ అక్షరాలు తెలుగులో ఉంటే, ప్రతి మాటా నేను ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పే పని ఉండదు, ఆమె ఎవర్నీ అడగకుండా తనే చూసుకుంటుంది. మా ఒక్క ఇంట్లోనే కాదు, పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఈ ఇబ్బంది ఉంటుంది. నాలాంటిదాని మాట ఈ సినిమాలు ఇంట్లో టీవీకి ఇచ్చే కంపెనీల దాకా పోదు, మీరు రాస్తే పోతుంది.

ఆ నాలుగు లైన్లు వేసేటప్పుడు దయచేసి అక్షరాలు కాస్త పెద్దవిగా వేయండి. ముందు చదివేది మా అత్త.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అనంతపురం