పాత బొమ్మల పత్రికలకు ముందు జాబితా కావాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

అమెరికాలో సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి కామిక్ ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు, అంటే మన లెక్కలో దాదాపు 50 కోట్ల రూపాయలకు, వేలంలో అమ్ముడుపోయిన నాటి నుంచి మా నల్లగొండలో కూడా పాత చందమామలు, అమర చిత్ర కథలు, ఇంద్రజాల్ కామిక్స్ దాచుకున్న ఇళ్లలో కొత్త ఆశ పుట్టింది. నాకు పాత పుస్తకాలు సేకరించే అలవాటు ఉందని తెలిసినవారు "మా నాయన దాచిన చందమామలు పెట్టెడు ఉన్నయి, ఎంత వస్తది సార్?" అని అడుగుతున్నారు. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. ఏ సంచికలు, ఎన్ని, ఏ స్థితిలో మిగిలాయో చెప్పే జాబితా నేనెరిగినంతలో మన దక్షిణ తెలంగాణ జిల్లాల్లో ఎక్కడా లేదు. అది తయారయ్యేంత వరకు ధర గురించి ఎవరు ఏ అంకె చెప్పినా అది నోటికి వచ్చిన అంకే అవుతుంది.

అమెరికాలో అంత ధర ఎలా వచ్చిందో చూస్తే ఈ మాట తేటపడుతుంది. ఆ కామిక్ అచ్చయిన నాడు దాని వెల 10 సెంట్లు. రెండు లక్షల దాకా అచ్చు వేసిన ప్రతుల్లో నేటికి వంద దాకా మాత్రమే మిగిలాయని అక్కడి వారి అంచనా. పిల్లలు చదివి పారేసినవి పోగా, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇంటింటా తిరిగి చిత్తు కాగితం సేకరించినప్పుడు ఆ కాలపు కామిక్స్ కుప్పలుగా గుజ్జు కింద పోయాయి. అయితే అరుదు అయినంత మాత్రాన అన్నీ ధర పలకవు. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన కామిక్స్ ధరల పట్టికను పుస్తకంగా వేసిన తరువాత కొనేవాడికీ అమ్మేవాడికీ ఒకే ఆధారం దొరికింది. 2000లో మొదలైన సీజీసీ అనే సంస్థ ప్రతి పుస్తకాన్నీ పుట పుటా పరిశీలించి, 0.5 నుంచి 10 దాకా ఒక అంకె ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ముద్ర వేస్తుంది. 60 లక్షల డాలర్లు పలికిన ప్రతికి వచ్చిన అంకె 8.5, అదే సంచిక అట్ట చిరిగి, పుటలు ఊడి ఉంటే ఆ ధరలో చిన్న భాగం కూడా రాదు.

ఇదే అమెరికాలో 1991లో ఎక్స్‌మెన్ అనే కామిక్ కొత్త వరుస మొదటి సంచిక 80 లక్షలకు పైగా అచ్చయింది. ముందు ముందు బంగారమవుతుందని జనం నాలుగేసి, అయిదేసి ప్రతులు కొని కవర్లలో భద్రపరిచారు. అందరూ దాచారు కనుక అందరి దగ్గరా ఉంది, ముప్పై ఏళ్లు దాటినా కొన్ని డాలర్లకే దొరుకుతుంది. మన దగ్గర 1980ల తరువాతి చందమామల సంగతి చాలా వరకు ఇంతే. ఏ బస్టాండు పుస్తకాల దుకాణంలో చూసినా వేలాడుతూ కనిపించిన పత్రిక అది. 1967లో మొదలైన అమర చిత్ర కథల్లో పేరున్నవి మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి, ఇప్పటికీ అచ్చవుతున్నాయి. అందులో సేకర్తలు వెతికేది తొలి ముద్రణను మాత్రమే. మంచి స్థితిలో నిజంగా దొరకనివి 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ఆరంభించిన చందమామ తొలి సంవత్సరాల సంచికలు. వాటిలోనూ అట్టతో సహా ఉన్నవి మరీ అరుదు.

అట్ట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వద్ద జరిగిన నష్టమంతా అక్కడే ఉంది. ఆ రోజుల్లో శ్రద్ధ గలవారు పన్నెండు నెలల సంచికలను కలిపి బైండింగ్ చేయించేవారు. బైండు చేసేవాడు ముందు అట్టలు తీసి పారేసేవాడు, మధ్య పిన్నులు పీకి వీపు పక్కన దారంతో కుట్టేవాడు, మూడు వైపులా కోసి సాపు చేసేవాడు, పైన మైదా బంకతో గట్టి అట్ట అతికించేవాడు. ఆ బంక కోసమే పురుగు పడుతుంది. వడ్డాది పాపయ్య గారు వేసిన ముఖచిత్రాలు ఆ రకంగా ఎన్ని పోయాయో లెక్క లేదు. పాత సంచిక చేతికి వచ్చినప్పుడు నేను మొదట చూసేది వీపు పక్కన వరుసగా సూది రంధ్రాలు ఉన్నాయా అని. ఉంటే అది బైండు నుంచి విడదీసిన ప్రతి, దానికి ఇప్పుడున్న అట్ట వేరే ప్రతిది కూడా కావచ్చు. తరువాత పిన్నుల చుట్టూ తుప్పు మరక, ఆపైన బొమ్మల మీద గ్రంథాలయం రబ్బరు స్టాంపు. ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీలో ఏ పిల్లవాడో పెన్సిలుతో రాసుకున్న వ్యాఖ్య కనిపిస్తే నాకు ముచ్చటగానే ఉంటుంది గానీ, కొనేవాడు దాన్ని లోపంగానే లెక్కిస్తాడు. బడి చార్టుల కోసం బొమ్మలు కత్తిరించిన సంచికలు మరీ ఎక్కువ. ఇది మన పిల్లల తప్పే అనుకోనక్కర లేదు. వుల్వరిన్ అనే కామిక్ వీరుడు కనిపించిన 1974 నాటి అమెరికా కామిక్ హల్క్ 181వ సంచికలో కత్తిరించుకోమని ప్రచురణకర్తలే స్టాంపు లాంటి చిన్న బొమ్మ ఒకటి అచ్చు వేశారు. ఆ చిన్న ముక్క పోయిన ప్రతులకు నేడు ధర బాగా తగ్గిపోతుంది.

ఇక నిలవ ఉంచడం. ఇవి న్యూస్‌ప్రింటు మీద అచ్చయినవి. కలప గుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం అందులోనే ఉండిపోవడం వల్ల వెలుతురుకూ వేడికీ ఆ కాగితం పసుపెక్కి, ఆమ్లం పెరిగి, మూల మడిస్తే విరిగే దశకు వస్తుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే మన ఊళ్లలో స్లాబు కింది సజ్జ మీదా, పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువాలోనూ వీటిని పెట్టడమంటే ఆ పనిని మనమే త్వరపెట్టడం. చిరుగులకు సెల్లో టేపు అంటించవద్దని, లామినేషన్ అసలే చేయించవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. మామూలు పీవీసీ కవర్లు కూడా మంచివి కావు. పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవరులో ఒక్కొక్క సంచిక పెట్టి, చీకటిగా, గాలి ఆడే చోట పడుకోబెడితే చాలు.

ధర ఆశతో అప్పు చేసి కొనేవారికి ఒక మాట. ఆబిడ్స్ ఆదివారం సంతలో పాత చందమామ కోసం వంగి వెతికేవారు ఎక్కువగా నా వయసువారే. చిన్ననాడు చదివిన తరం దాటిన తరువాత ఈ గిరాకీ ఉంటుందని నేను అనుకోవడం లేదు. చదువుకోవడానికీ దాచుకోవడానికీ కొనండి, బ్యాంకు డిపాజిట్టుకు బదులుగా కొనవద్దు.

అయినా ఈ పత్రికల్లో మన బాల సాహిత్య, చిత్రకళల చరిత్ర ఉంది. దాన్ని నిలబెట్టే బాధ్యత కొంత ప్రభుత్వ గ్రంథాలయాలది. 1918లోనే ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం వెలసిన ఊరు నల్లగొండ. దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలను గంపలో పెట్టుకుని నెత్తిన మోసి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి గారిది ఈ జిల్లాయే. నేటికీ మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. పుస్తకాలకు నమోదు సంఖ్య ఉంటుంది గనుక అవి లెక్కలో నిలుస్తాయి. నెల పత్రికలను అలా నమోదు చేసే అలవాటు తక్కువ కావడంతో, చోటు చాలనప్పుడు ముందుగా తూకానికి వెళ్లేవి అవే, అందులోనూ పిల్లలు నలిపిన బొమ్మల పత్రికలే.

అందుచేత నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేట జిల్లాల గ్రంథాలయ సంస్థలకు నా విజ్ఞప్తి: చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు వంటి పాత సంచికలను చిత్తు కాగితాల కింద అమ్మే ముందు పత్రిక పేరు, నెల, సంవత్సరం, అట్ట ఉన్నదీ లేనిదీ రాసి ఒక జాబితా తయారు చేయించండి. ఒక జిల్లాలో రెండేసి ఉన్నవాటిని లేని జిల్లాకు పంపితే కొత్తగా పైసా ఖర్చు లేకుండా అయిదు చోట్లా వరుసలు కొంత వరకు పూర్తవుతాయి. మీరు కూడా ఆదివారం సంచికలో అరకాలమ్ చోటు ఇచ్చి, పాఠకులు తమ ఇళ్లలోని పాత సంచికల వివరాలను ఇదే పద్ధతిలో పోస్టు కార్డు మీద రాసి పంపమని కోరితే, కొన్ని నెలల్లో ఒక పట్టిక తేలుతుంది. ఎవరి చిరునామా అచ్చు వేయనవసరం లేదు, ఊరి పేరు చాలు. మీరు అంగీకరిస్తే నా దగ్గరున్న సంచికల జాబితాను, ఏది బైండు నుంచి విడదీసినదో గుర్తు పెట్టి, మొదటగా పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రామగిరి, నల్లగొండ.