1967 అని అమ్మారు, 1967 ఇవ్వలేదు

తిరుపతి

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: మీ రేసింగ్ సిమ్యులేటర్‌లోని 1967 గ్రాండ్ ప్రి ప్యాక్ ప్రకటనలో చెప్పినట్టు లేకపోవడం గురించి.

అయ్యా,

నేను తిరుపతిలో ఒక పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెబుతాను. టైరు గురించి, సస్పెన్షన్ గురించి బోర్డు మీద ఎంత గీసినా పిల్లల బుర్రకెక్కనిది, స్టీరింగ్ చేతికిస్తే ఎక్కుతుందని నా నమ్మకం. పాత రేసు ఫిల్ములతో ఫ్రేము ఫ్రేముగా పోల్చి ఈ ప్యాక్ తయారు చేశామని మీ ప్రకటనలో ఉంది. ఆ ఒక్క మాట నమ్మి సొంత డబ్బు పెట్టి కొన్నాను. కొన్నాక ఆ పోల్చే పని నేనూ చేశాను. ఒక స్క్రీన్ మీద 1967 బెల్జియం గ్రాండ్ ప్రి ఫుటేజి, పక్క స్క్రీన్ మీద మీ సిమ్యులేటర్‌లో ఆ రేసు జరిగిన స్పా ట్రాక్. రెండూ కలవలేదు.

ఫిల్ము చూపించేదంతా నిజమని నేను అనడం లేదు. దూరం నుంచి టెలిఫోటో లెన్స్‌తో తీస్తే ఎదురొచ్చే కారు కదలనట్టే ఉంటుంది. అదే కారును రోడ్డు పక్కన నిలబడి తీస్తే రివ్వున పోతుంది. ఆనాటి ఫుటేజీలో శబ్దం చాలాసార్లు తర్వాత కలిపిందే. అందుకే స్పీడు ఎలా కనిపిస్తోంది, ఇంజన్ ఎలా మోగుతోంది అన్న వాటి జోలికి నేను పోవడం లేదు. ముందు చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయి, రోడ్డు పక్కన ఏముంది అన్న రెండు విషయాల్లో మాత్రం ఫిల్మును కాదనడానికి లేదు. నా ఫిర్యాదు ఆ రెండింటి గురించే.

అప్పటి కార్ల చక్రాలు బయటికే ఉంటాయి కాబట్టి డ్రైవరు స్టీరింగ్‌తో ఏం చేస్తున్నాడో ఫిల్ములో తెలిసిపోతుంది. మలుపు మధ్యలో కారు నాలుగు చక్రాల మీదా పక్కకు జారుతూ ఉంటుంది. ముందు చక్రాలేమో దాదాపు తిన్నగా, ఒక్కోసారి మలుపుకు ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి. దీనికి కారణం టైరే. అవి క్రాస్ ప్లై టైర్లు, మన లారీల వాళ్లు నైలాన్ టైర్లనే రకం. నున్నటి స్లిక్ టైర్లు ఫార్ములా వన్‌కు వచ్చింది 1971లో. క్రాస్ ప్లై టైరు పట్టు ఒక్కసారిగా వదిలేయదు, జారుతూ జారుతూ మెల్లగా వదులుతుంది. ఆ జారుడును యాక్సిలరేటర్ మీది కాలితోనే అదుపులో పెట్టేవాళ్లు. 1967 రేసు కారు లోటస్ 49లో సుమారు 400 హార్స్ పవర్, ఆనాటి రూలు ప్రకారం కారు కనీస బరువు 500 కిలోలు. అలాంటి కారు మీ సిమ్యులేటర్‌లో స్పాలోని బర్నెన్‌విల్ మలుపులో జారనే జారదు.

ఇంకా పెద్ద తప్పు ఒకటుంది. లా సోర్స్ అనే మలుపు దగ్గర నెమ్మదిగా తిరిగేటప్పుడు మీ కారు కాస్త జారుతుంది. స్పీడు పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. గాలి కారును కిందికి నొక్కితే తప్ప అలా జరగదు, గాలి అంతగా నొక్కాలంటే ఆ కాలపు కారుకు వింగ్, అంటే పైన బిగించే రెక్క, ఉండాలి. ఫెరారీ, బ్రాబమ్ కార్లు వింగులు పెట్టుకుని వచ్చింది 1968లో, అదీ ఇదే స్పాలో. మీ కారుకు పైన వింగ్ కనిపించదు కానీ లోపలి లెక్కల్లో ఉంది. ఇప్పటి కారు లెక్కలకే పాత బాడీ తొడిగారని నా అనుమానం. 1967లో ఇక్కడ డాన్ గర్నీ తన ఈగిల్ కారులో గంటకు సుమారు 235 కిలోమీటర్ల సగటుతో గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన జాకీ స్టీవర్ట్, గేరు ఊడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో స్టీరింగ్ తిప్పుతూ రేసులో చాలా భాగం నడిపాడు. ఆ మనుషులు పడిన కష్టం మీ ప్యాక్‌లో ఎక్కడా చేతికి తగలదు.

రెండో విషయం నన్ను ఎక్కువ బాధపెట్టింది. పాత స్పా 14 కిలోమీటర్ల మామూలు ఊరి రోడ్డు. పక్కనే ఇళ్లు, కరెంటు స్తంభాలు, చెట్లు, గుంటలు. మీరేమో దారి పొడవునా రెండు వైపులా గార్డ్ రైలు, అంటే ఇనుప అడ్డుకట్ట, బిగించారు. 1966లో ఇక్కడే వానలో, మొదటి ల్యాప్‌లోనే స్టీవర్ట్ కారు రోడ్డు తప్పింది. నుజ్జయిన కారులో, ఒళ్లంతా పెట్రోలుతో ఇరుక్కుపోయాడు. బయటికి తీసింది తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండ్యురాంట్, అదీ చూడటానికి వచ్చిన వాళ్ల దగ్గర పనిముట్లు అడిగి తెచ్చి. ఆ తర్వాతే స్టీవర్ట్ బారియర్ల కోసం, డాక్టర్ల కోసం, సీటు బెల్టుల కోసం ఏళ్ల తరబడి పోరాడాడు. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్ ట్రాక్‌లో మరో డ్రైవరు జిమ్ క్లార్క్ కారు చెట్లలోకి దూసుకుపోయి ఆయన చనిపోయాడు. ఆ చెట్ల ముందు గార్డ్ రైలు లేదు.

తిరుమల ఘాట్ రోడ్డు పిట్టగోడ చూస్తూ పెరిగిన పిల్లలు మా వాళ్లు. గోడ లేని రోడ్డు ఎలా ఉండేదో వాళ్లకు చూపించాలనుకున్నాను. మీ ట్రాక్ చూసి ఒక కుర్రాడు, "ఇన్ని గార్డ్ రైళ్లు ఉంటే స్టీవర్ట్ ఎందుకు సార్ అంత గొడవ చేశాడు?" అని అడిగాడు. వాడి తప్పేముంది?

రోడ్డు ఎత్తుపల్లాలు మాత్రం చాలా బాగా చేశారు. స్టార్ట్ లైను పాత చోటే, ఓ రూజ్ మలుపుకు ముందు దిగుడులో ఉంది. ఆ పని చేసిన వాళ్లకు నా అభినందనలు చెప్పండి.

ఇవన్నీ క్లిప్పులతో సహా మీ సపోర్ట్‌కు పంపాను. స్టీరింగ్ సెట్టింగ్స్ మార్చి చూడమని జవాబొచ్చింది. సమస్య సెట్టింగ్స్‌లో లేదని మళ్లీ రాస్తే, పరిష్కరించామని చెప్పి ఫిర్యాదు మూసేశారు. క్లిప్పులు ఎవరైనా తెరిచి చూశారా అన్నది నా ప్రశ్న.

1967 కార్ల టైరు లెక్కలు సరిచేయండి, గాలి నొక్కుడు తీసేయండి, గార్డ్ రైళ్లు లేని స్పాను ఇవ్వండి. ఎప్పటిలోగా ఇస్తారో రాతపూర్వకంగా చెబితే ఆగుతాను. అది కుదరదంటే నా డబ్బు వెనక్కి ఇచ్చి, ప్రకటనలో ఫిల్ముతో పోల్చామన్న మాట తీసేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం నేనుండే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, క్లిప్పులు మళ్లీ జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్,
ఆటోమొబైల్ లెక్చరర్, తిరుపతి