అమ్మమ్మలు ఆర్నెల్లుండి వచ్చేస్తున్నారు, పాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా తెలుగు సంఘాల ఉగాది వేడుకల ఫొటోలు మీ పేపర్లో చూస్తుంటాను. స్టేజీ, లైట్లు, ట్రాక్ పెట్టుకుని సినిమా పాటలు. పిల్లలు బాగానే పాడుతున్నారు, కాదనను. కానీ మన కోనసీమ ఇళ్లలో వాయిద్యం లేకుండా ఒంటి గొంతుతో పాడే సువ్వి పాటలు (వడ్లు దంచుతూ పాడేవి), అప్పగింతల పాటలు, మంగళహారతులు అక్కడ ఎవరు వింటున్నారు?

ఐర్లండ్ వాళ్లకీ ఇలాంటి పాట ఉంది, షాన్ నోస్ అంటారు. వాళ్ల ఐరిష్ భాషలో, తోడు వాయిద్యం లేకుండా పాడతారు. మాట ఎలా నడిస్తే పాట అలా నడుస్తుంది. ఒక చరణంలో వేసిన గమకం తర్వాతి చరణంలో మారిపోవచ్చు, అది పాడే మనిషి ఇష్టం. పక్కన కూర్చున్నవాళ్లు ఆ మనిషి చెయ్యి పట్టుకుని పాటతోపాటు మెల్లగా తిప్పుతుంటారు. 1845లో ఆలుగడ్డకి తెగులొచ్చి మొదలైన కరువులో ఆ దేశంలో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి పోయారు. ఐరిష్ మాట్లాడే పడమటి ఊళ్లు బాగా దెబ్బతిన్నాయి.

ఆ పడమట కార్నా అనే ఊరి దగ్గర 1919లో జో హీనీ అనే షాన్ నోస్ పాటగాడు పుట్టాడు. వలస పోయి న్యూయార్కులో ఒక అపార్ట్‌మెంటు గుమ్మం దగ్గర డోర్‌మ్యాన్‌గా పనిచేశాడు. ఆ మనిషినే వెస్లియన్ యూనివర్సిటీ, తర్వాత సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పిలిచి పాట నేర్పమన్నాయి. పాటకి ముందు దాని కథ చెప్పేవాడు. 1982లో అమెరికా ప్రభుత్వం జాతీయ వారసత్వ పురస్కారం ఇచ్చింది. 1984లో సియాటిల్‌లోనే పోయాడు. ఆయన పాటలు ఆ యూనివర్సిటీలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

మా అమ్మాయి ఉండేదీ సియాటిల్ దగ్గరే. మన వైపు నుంచి అక్కడికి పురుడు పొయ్యడానికి ఎంతమంది అమ్మమ్మలు వెళ్తున్నారో! ఆర్నెల్లు వంట చేసి, పిల్లని ఎత్తుకుని, తిరిగి వచ్చేస్తారు. నీకేం పాటలొచ్చమ్మా అని అడిగే నాథుడు లేడు. అడిగినా ఊరికే రావు. మా అత్తగారిని సువ్వి పాట పాడమంటే రెండో చరణం దగ్గర ఆగిపోయేవారు. చేతికి కర్ర ఇచ్చి నేల మీద దంచమంటే గుక్క తిప్పుకోకుండా వచ్చేది. రైసు మిల్లులొచ్చి రోకలి పోయింది, అందుకే ఆ పాట ఏ పని మీద పుట్టిందో పిల్లలకి చెప్పి తీరాలి.

కువైట్, మస్కట్‌లలో ఇంటిపనికి వెళ్లిన మన గోదావరి లంకల ఆడవాళ్ల దగ్గరా ఈ పాటలున్నాయి. తమ పిల్లల్ని ఇక్కడ వదిలి పరాయి పిల్లల్ని జోకొడుతున్న తల్లులు వాళ్లు. వాళ్లని ఏ సంఘం పిలిచింది?

సంఘాలవాళ్లని నేను కోరేది పెద్ద ఖర్చుతో పని కాదు. ఒకరి ఇంట్లో పదిహేనుమంది కూర్చోండి. మైకొద్దు, ట్రాక్ వద్దు. ఊరినుంచి వచ్చిన పెద్దావిడతో ముందు కథ చెప్పించి, తర్వాత పాడించండి. ఫోనులో రికార్డు చేసి, ఆవిడ ఒప్పుకుంటే పేరు, ఊరు కూడా రాసి పెట్టండి. యాస దిద్దకండి, శ్రుతి సరిచెయ్యకండి. ఒక పిల్లకైనా ఎదురుగా కూర్చోబెట్టి నేర్పించండి.

ఈ వేసవికి వెళ్లేవాళ్లు ఇప్పటికే టికెట్లు కొనుక్కుని ఉంటారు. ఈ ఏడాదే మొదలుపెట్టమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

— ఒక రిటైర్డ్ తెలుగు టీచరు, అంబాజీపేట