పశువుల మందుకు అనుమతి ఇచ్చే ముందే రాబందు సంగతి చూడాలి

సంపాదకులు గారికి,

పశువులకు వాడే మందులను అనుమతించే పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉందని, దాని మూల్యాన్ని మన దేశం ఇప్పటికే మనుషుల ప్రాణాలతో చెల్లించిందని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఒక మందు పశువు జబ్బును నయం చేస్తుందా, ఆ పశువు పాలు తాగేవారికి, మాంసం తినేవారికి హాని చేస్తుందా అని నిపుణులు పరిశీలిస్తారు. మందు వేసిన పశువు చనిపోతే దాన్ని తినే ప్రాణుల సంగతేమిటన్న ప్రశ్న, నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ అనే మందు విషయంలో ముందుగా ఎవరికీ తట్టలేదు.

మన ఉపఖండంలో రాబందులు అడవి పక్షులే అయినా, వాటి బతుకు మనుషులు పెంచే పశువుల మందలతోనే ముడిపడి ఉండేది. పశువును కోతకు పంపని ఇళ్లు ఎక్కువగా ఉన్న దేశంలో ముసలితనంతోనో రోగంతోనో చనిపోయిన పశువులను ఊరి బయటికి చేర్చేవారు. అక్కడ రాబందులు గుంపుగా దిగి, చాలాసార్లు గంట తిరగకముందే ఎముకలు మాత్రం మిగిల్చేవి. వాటి జీర్ణాశయంలోని తీవ్రమైన ఆమ్లంలో, కుళ్లిన మాంసంలోని రోగకారక సూక్ష్మజీవులు చాలావరకు నశించేవి. వాటికి మన మందల వల్ల ఆహారం, మనకు వాటి వల్ల పారిశుద్ధ్యం దొరికేవి. ఈ పనికి ఎవరూ జీతం ఇవ్వలేదు, ఏ ప్రభుత్వ బడ్జెట్‌లోనూ దీనికి పద్దు లేదు. 1980లలో ఈ రాబందుల సంఖ్య కోట్లలో ఉండేదని అంచనా. ప్రపంచంలోని పెద్ద వేటపక్షుల్లో అత్యధిక సంఖ్యలో ఉన్నది మన తెల్లవీపు రాబందే కావచ్చునని అప్పటి పక్షిశాస్త్రవేత్తలు భావించారు.

1990లలో అవి రాలిపోవడం మొదలైంది. చెట్ల కొమ్మలమీద మెడలు వేలాడేసి కూర్చున్న పక్షులు కొద్ది రోజులకు కిందపడి చనిపోయేవి. కోసి చూస్తే మూత్రపిండాలు పాడై, గుండె మీద, కాలేయం మీద యూరిక్ ఆమ్లం సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుని కనిపించేది. అంటురోగమేమోనని, పురుగుమందేమోనని ఏళ్ల తరబడి వెతికాక, పాకిస్తాన్‌లో పరిశోధించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు కారణాన్ని బయటపెట్టింది. నొప్పికీ వాపుకీ పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అవశేషాలు కళేబరాల్లో మిగిలి రాబందులను చంపుతున్నాయి. ఒక్క కళేబరాన్ని పదుల కొద్దీ రాబందులు తింటాయి కాబట్టి, వందలో ఒకటికన్నా తక్కువ కళేబరాల్లో ఈ మందు ఉన్నా అవి అంతరించిపోయే వేగంతో చనిపోతాయని తర్వాతి లెక్కల్లో తేలింది. 1992కూ 2007కూ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి.

దీన్ని పక్షిప్రేమికుల బాధగా మాత్రమే చూసి వదిలేసినవారు ఇక్కడ ఆగి ఆలోచించాలని నా మనవి. తినేవి లేక కళేబరాలు కుళ్లాయి, వాటి చుట్టూ ఊరకుక్కలు, ఎలుకలు పెరిగాయి, కుక్కలతో పాటు రేబిస్ ముప్పు పెరిగింది, కళేబరాలు చేరిన నీరు కలుషితమైంది. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు పూర్వం రాబందులు ఎక్కువగా ఉండిన జిల్లాలను, అవి మొదటినుంచీ అంతగా లేని జిల్లాలతో పోల్చి, ఈ మందు వాడకం పెరగకముందు, పెరిగిన తర్వాత మరణాల రేటు ఎలా మారిందో పరిశీలించారు. 2000 నుంచి 2005 వరకు ఏటా సుమారు లక్ష చొప్పున, మొత్తం 5 లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో వెలువడిన ఆ అధ్యయనం అంచనా వేసింది. యుద్ధంలోనో భూకంపంలోనో ఇంతమంది పోతే దేశమంతా తరతరాలు గుర్తుంచుకుంటుంది. వీరికోసం ఎక్కడా ఒక విచారణ సంఘమైనా ఏర్పడలేదు.

ఇందులో రైతును గానీ, పశువైద్యుణ్ణి గానీ తప్పుపట్టడం అన్యాయమని స్పష్టంగా చెప్పాలి. కాలు వాచి లేవలేని ఎద్దుకు చవకగా దొరికే మందు వేయించడం దయగల పనే. ఆ సూది ప్రభావం ఎక్కడెక్కడికి పాకుతుందో ముందుగా చూడవలసిన బాధ్యత అనుమతి ఇచ్చే వ్యవస్థది.

ఆ వ్యవస్థ తర్వాతైనా త్వరగా మేలుకున్నదా అంటే, లేదనే చెప్పాలి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతూనే ఉండటంతో, 2015లో గానీ వాటి పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేయలేదు. ఎసిక్లోఫెనాక్ అనే మరో మందు పశువు శరీరంలోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. అంటే ముందువాకిలి మూసి, పెరటిదారిని 2023 వరకు తెరిచే ఉంచాం. రాబందులకు హాని చేసే కీటోప్రొఫెన్ అనే ఇంకో నొప్పి మందును కూడా అదే ఏడాది నిషేధించారు. నొప్పికి వాడదగిన, రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ అనే మందు ఉందని మాత్రం 2006 నాటికే తెలుసు. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టి, ఈడుకు రావడానికి అయిదారేళ్లు తీసుకునే పక్షికి ఇంత జాప్యం ఎంత నష్టమో ఊహించవచ్చు. హర్యానాలోని పింజోర్ కేంద్రంలో వాటిని పెంచి బయటికి వదిలే ప్రయత్నం ఓపికగా సాగుతోంది; బయట విషం ఉన్నంతకాలం ఆ శ్రమ ఏ మేరకు నిలుస్తుంది?

ఇది మన ఒక్క దేశానికే పరిమితమైన విషయం కాదు. 2006లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మొదట బయటపడిన ఒక శిలీంధ్ర వ్యాధి అక్కడి గబ్బిలాలను పెద్దఎత్తున చంపింది. పురుగులను తినే గబ్బిలాలు పోయిన జిల్లాల్లో రైతులు పురుగుమందుల వాడకాన్ని సుమారు 31 శాతం పెంచారని, అక్కడే శిశు మరణాలు దాదాపు 8 శాతం పెరిగాయని ఇయాల్ ఫ్రాంక్ మరో అధ్యయనంలో చూపారు. మనిషి ఆరోగ్యం ఆసుపత్రుల్లో ఎంత ఉందో, పొలం మీద రాత్రిపూట ఎగిరే ప్రాణుల్లోనూ అంతే ఉందని నేను నమ్మడానికి ఇలాంటి ఆధారాలే కారణం.

రాబందులకు విషమని తేలిన మందును పశువైద్యం నుంచి వెంటనే తొలగించే ఏర్పాటు ఉండాలని 2020–25 జాతీయ రాబందుల సంరక్షణ ప్రణాళికే సూచించింది. అది అవసరమే గానీ చాలదు, ఎందుకంటే విషమని తేలేది పక్షులు చనిపోయిన తర్వాతే. నొప్పినీ వాపునూ తగ్గించే ప్రతి కొత్త పశువుల మందు అవశేషాలు కళేబరంలో ఎన్నాళ్లు ఉంటాయో, అవి రాబందుకు ఏం చేస్తాయో అనుమతికి ముందే తయారీదారు ఖర్చుతో, స్వతంత్ర సంస్థ చేత పరీక్ష చేయించాలి. దీనివల్ల మందులు ఆలస్యమవుతాయని, ధరలు పెరుగుతాయని అభ్యంతరం రావచ్చు. సురక్షితమైన ప్రత్యామ్నాయం ఇప్పటికే ఉన్న చోట కొంత ఆలస్యాన్ని ఏ పశువూ ప్రాణంతో చెల్లించదు. అలాగే నిషేధ ఉత్తర్వుతో పాటే దుకాణాల్లోని నిల్వలను వెనక్కి తీసుకునే గడువు ప్రకటించాలని, గ్రామీణ పశువైద్యశాలలన్నిటిలో మెలోక్సికామ్ ఎప్పుడూ అందుబాటులో ఉండేలా రాష్ట్ర పశుసంవర్ధక శాఖలు చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు