మీ ఫిర్యాదు పరిష్కారమైంది అని నాకు ఇంకోసారి మెసేజ్ పెట్టొద్దు

కస్టమర్ కేర్ పెద్దలకు,

కడప నుంచి, మీ కంపెనీ కారు గేర్ల గొడవ గురించి రాస్తున్నాను. బండి నంబరు, ఛాసిస్ నంబరు, కొన్న తేదీ, తిరిగిన కిలోమీటర్లు ఇక్కడ మళ్ళీ రాయను. నాలుగు నెలల్లో మీవాళ్ళకు పదకొండు సార్లు చెప్పాను. ఛాసిస్ నంబరైతే మా పెళ్ళిరోజు కన్నా బాగా గుర్తుంది, ఆ మాట మా ఆవిడే అంటుంది. మీ కంప్యూటర్లో ఉంటుంది, చూసుకోండి.

నాకు కావాల్సింది రెండు లైన్ల జవాబు. అదేందో తర్వాత చెప్తాను, ముందు జరిగింది వినండి. ఇంతవరకు మీవాళ్ళలో ఒక్కరు కూడా మొదటి నుంచి చివరిదాకా వినలేదు.

మార్చిలో రాయచోటికి పెళ్ళికి బయల్దేరాం. బండిలో మా ఆవిడ, మా అత్తగారు. గువ్వలచెరువు ఘాట్‌లో ముందర లోడు లారీ నత్తలాగా ఎక్కుతోంది. దాని వెనక మన ఏఎంటీ బండి, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే బండి, సెకండ్‌కు పోతుంది, ఫస్ట్‌కు వస్తుంది, మళ్ళీ సెకండ్‌కు పోతుంది, పోయిన ప్రతిసారీ మా అత్తగారి తల ముందుకొచ్చి వెనక్కి పోతుంది. మలుపు దగ్గర డ్యాష్‌బోర్డు మీద ఎన్, అంటే న్యూట్రల్, అని మినుక్కుమంది. ఇంజన్ అరుస్తోంది, బండి కదలదు, క్లచ్ కాలిన వాసన. వెనక ఇంకో లారీ హారన్. దాని క్లీనర్ కుర్రాడు దిగొచ్చి మా వెనక టైరుకు ఇంత రాయి పెట్టి, “ఏం సార్, గేరు పడలేదా?” అన్నాడు. గేరు నా చేతిలో లేదు నాయనా అని చెప్పాను. వాడికి అర్థం కాలేదు. ముప్పావు గంట చల్లారాక కదిలింది. ముహూర్తం అయిపోయింది, తిరుగు ప్రయాణంలో పాలకోవా కొన్నాం, అంతే మిగిలింది. ఆ రోజు నుంచి మా అత్తగారు ఎక్కడికైనా బస్సుకే వస్తానంటుంది.

ఇంతవరకు నాకు మీ మీద కోపం లేదు. మిషన్ అన్నాక మొరాయిస్తుంది. కోపం తర్వాత వచ్చింది, అది కూడా ఒక్కసారిగా రాలేదు, మీవాళ్ళు వాయిదాల పద్ధతిలో తెప్పించారు.

మొదట షోరూమ్. బండి చూసిన అబ్బాయి బైపాస్ మీద రెండు కిలోమీటర్లు నడిపి “స్మూత్‌గా ఉంది సార్” అన్నాడు. చదును రోడ్డు మీద ఎడ్లబండి కూడా స్మూత్‌గానే ఉంటుంది. ఘాట్ ఎక్కించి చూడు నాయనా అంటే, పెట్రోల్ ఎవరు పోస్తారు సార్ అన్నాడు. నేనే పోస్తానన్నాను. మేనేజర్ పర్మిషన్ కావాలన్నాడు. మేనేజర్ మీటింగ్‌లో ఉన్నాడు. నేను పోయిన ఐదుసార్లూ మీటింగ్‌లోనే ఉన్నాడు, ఒకసారి మాత్రం మీటింగ్ గది అద్దంలోంచి కనబడ్డాడు, ఒక్కడే కూర్చుని ఉగ్గాని తింటున్నాడు. చివరికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అని బిల్లు వేసి, “మీ డ్రైవింగ్ స్టైల్ కొంచెం మార్చుకోవాలి సార్” అన్నారు. నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా కారు నడుపుతున్నాను. ఆ మాటన్న పిల్లాడి వయసు అంత ఉంటుందో లేదో.

సరే అని మా మెకానిక్ భాయ్‌కి చూపించాను. కింద పడుకుని చూసి, “గేర్ బాక్స్ అదే సార్, క్లచ్ పెడల్ బండిలో వచ్చేదే. దాని నెత్తిన మరమనిషిని కూచోబెట్టినారు, వాడు తొక్కుతాండాడు, వాడే గేరు వేస్తాండాడు” అన్నాడు. అంత సులువుగా మీ కంపెనీలో ఎవరూ చెప్పలేదు. ఆ మరమనిషిని దించి, క్లచ్ పెడల్, కేబుల్, గేర్ రాడ్డు పెట్టొచ్చట. ఇదే మోడల్‌ను మీరు పెడల్‌తో కూడా అమ్ముతున్నారు కాబట్టి సామానంతా దొరుకుతుంది. చిక్కు ఒకటే: గేర్ బాక్స్ కంప్యూటర్ న్యూట్రల్‌లో ఉన్నాను అని చెప్తే తప్ప బండి స్టార్ట్ కాదు. ఆ కంప్యూటర్‌ను పీకేస్తే, ఇది ఇప్పుడు మాన్యువల్ బండి అని ఇంజన్ కంప్యూటర్‌కు నేర్పించాలి, ఆ సాఫ్ట్‌వేర్ మీ దగ్గరే ఉంది. అందుకే మళ్ళీ మీ గడప తొక్కాను. లేకుంటే మీ మొహం చూసేవాణ్ణి కాదు.

ఇక మీ టోల్ ఫ్రీ. మొదటి అమ్మాయికి లిస్టులో మా ఊరు దొరకలేదు. “కడప రావట్లేదు సార్, దగ్గర్లో సిటీ చెప్పండి.” తిరుపతి రాసుకోనా అంది. మేమెందుకు తిరుపతి అవుతాం? మూడో కాల్‌లో తేలింది, మీ సిస్టమ్‌లో మా ఊరు ఇంకా సి తో మొదలయ్యే దొరల కాలం స్పెల్లింగ్ కింద ఉంది. అది మార్చింది 2005లో. మీరు అప్‌డేట్ చేయాల్సిన సాఫ్ట్‌వేర్ నా బండిది కాదు.

ఇంకో అబ్బాయి ప్రతి మాటకూ “మీ ఇబ్బంది నేను అర్థం చేసుకోగలను సార్” అన్నాడు. ఏం అర్థమైందో చెప్పు అని అడిగాను. లైన్లో సంగీతం పెట్టాడు. మరొకాయన, “మాన్యువల్ కావాలంటే లివర్‌ను ఎం వైపు లాగండి సార్” అని నాకు నా బండి నడపడం నేర్పించాడు. ఎం లో పెట్టినా క్లచ్ తొక్కేది ఆ మరమనిషే కదయ్యా! ఒకే ఒక్క అబ్బాయి, “మరి ముందే మాన్యువల్ కొనాల్సింది కదా సార్” అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. అప్పుడు ఎడమ మోకాలు నొప్పి, క్లచ్ తొక్కలేక కొన్నాను, ఇప్పుడు మోకాలికి తగ్గింది, బండికి తగ్గలేదు అని చెప్పాను. నవ్వాడు. నా మాట విన్నది అతనొక్కడే కాబట్టి ఐదు స్టార్లు ఇచ్చాను. మర్నాడు అతని కోసం చేస్తే షిఫ్ట్‌లో లేడన్నారు, ఆ తర్వాత అసలు ఆ పేరుతో ఎవరూ లేరన్నారు.

మెయిల్ పెడితే, గేర్ బాక్స్ మార్చడం మా పరిధిలోది కాదు, రవాణా అధికారులను సంప్రదించండి అని జవాబు. పోయాను. అక్కడి ఉద్యోగి కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు: మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది, కాబట్టి కంపెనీ నుంచి లెటర్ తెండి, చూస్తాం. ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా అదే లెటర్ అడిగారు. అది రాసి మీకు మెయిల్ పెట్టాను. మీ జవాబు: రవాణా అధికారులను సంప్రదించండి. అక్షరం తేడా లేకుండా అదే మెయిల్, కింద సంతకం చేసిన పేరు మాత్రం మారింది. ఆ రాత్రే మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి. ఇట్లా మూడుసార్లు పరిష్కరించారు. బండి అట్లే ఉంది.

నాకు వైవీ స్ట్రీట్‌లో బట్టల కొట్టు ఉంది. చీర రంగు దిగిందని ఒకామె తిరిగొస్తే నేను ఆమె మొహం చూడకుండా “మీ సమస్య పరిష్కారమైందమ్మా, ఎన్ని స్టార్లు ఇస్తారు?” అంటే ఆ చీర నా నెత్తిన పడుతుంది, పడాలి కూడా. మార్చి ఇస్తాను, లేదంటే ఇది కుదరదమ్మా అని కుర్చీ వేసి చెప్తాను. కుదరదన్నా ఆమె మళ్ళీ దసరాకు నా కొట్టుకే వస్తుంది. నాలుగు వందల చీరకు నేనిచ్చే మర్యాద, ఎనిమిది లక్షల బండికి మీరివ్వలేదు.

ఇది మా ఇంట్లో మీ కంపెనీ మూడో కారు. మొదటిది మా నాయన కొన్నాడు, దాన్ని పద్నాలుగేళ్ళు వాడాం, అమ్మే రోజు ఆయన బానెట్ మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాడు. మా తమ్ముడికి, మా బావమరిదికి, పక్క కొట్టు ఆయనకు నేనే దగ్గరుండి మీ బళ్ళు కొనిపించాను. అప్పుడు షోరూమ్‌లో నాకు కూల్‌డ్రింక్ ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు నన్ను చూస్తే సెక్యూరిటీ అతను లోపలికి ఫోన్ చేస్తున్నాడు.

నాకు కావాల్సింది: బండిని మాన్యువల్‌గా మార్చి ఇస్తారా, ఖర్చు నేను పెట్టుకుంటాను. లేదంటే ఇదే మోడల్ మాన్యువల్‌లో వస్తుందని, మార్చుకోవడానికి మీకు అభ్యంతరం లేదని లెటర్ ఇస్తారా? రెండూ కుదరకపోతే కుదరదని, ఎందుకు కుదరదో మనిషన్నవాడు సంతకం పెట్టి పంపండి. ఈ నెలాఖరు దాకా చూస్తాను.

ఆ తర్వాత నేను అడిగేది లెటర్ కాదు, బండి వెనక్కి తీసుకుని మొత్తం డబ్బు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్ళోనే వేయొచ్చు, నా బండి ధరకు ఫీజు 200 రూపాయలు, లాయరు కూడా అక్కర్లేదు, నేనే మాట్లాడుకుంటాను, ఈ నాలుగు నెలల్లో బాగా అలవాటైంది. వాయిదాలకు మీవాళ్ళు కడపకు రావాలి. స్పెల్లింగ్ పైన చెప్పాను.

అప్పటికీ కదలకపోతే మా పెద్దనాన్న ఎద్దుల జత ఉంది. కోటిరెడ్డి సర్కిల్ నుంచి మీ షోరూమ్ దాకా వాటితో బండి లాగిస్తాను, ఫోటోలు తీసేవాళ్ళకు కొదవ లేదు. వాటికి గేర్లు లేవు, ఘాట్ కూడా ఎక్కుతాయి.

జవాబు మెయిల్‌లో వద్దు, పోస్టులో పంపండి. అడ్రస్ మీ దగ్గర పదకొండు సార్లు ఉంది.

ఇట్లు,
మీ తిరుపతి లిస్టులో ఉన్న కడప కస్టమర్