మా బండ్లను గేటు లోపలికి రానివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను అనంతపురంలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో విద్యార్థుల బండ్లు గేటు దాటి లోపలికి రాకూడదు. లెక్చరర్ల బండ్లు, మేనేజ్‌మెంట్ వాళ్ల కార్లు లోపల వేపచెట్ల నీడన ఉంటాయి. మావన్నీ బయటే, రోడ్డు వారన, మురుగు కాలువ గట్టు మీద, ఎదురింటి వాళ్ల గోడల వెంట. వాచ్‌మన్‌ను అడిగితే "యాడన్నా పెట్టుకో పో అబ్బీ, లోపలికి మాత్రం ఇడిచేది లేదు" అంటాడు. ఆయన్ని అని లాభం లేదు, పైవాళ్లు చెప్పిందే ఆయన చేస్తాడు.

లోపల జాగా లేదా అంటే ఉంది. బిల్డింగ్ వెనక, పాత వాలీబాల్ కోర్టు పక్కన ముళ్లకంప పెరిగిన స్థలం ఒకటి నేను చేరినప్పటి నుంచి అలాగే పడి ఉంది. ఒక కారు నిలిపే చోట నాలుగైదు బైకులు పడతాయి, వరుసలు సరిగా గీస్తే మా కాలేజీ బండ్లన్నీ అక్కడ సరిపోతాయని నా నమ్మకం.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్తాను. పోయిన ఎండాకాలం సెమిస్టర్ పరీక్షలప్పుడు మా జూనియర్ అమ్మాయి ఒకామె పరీక్ష హాల్లో కళ్లు తిరిగి పడిపోయింది. మన అనంతపురం ఎండలు మీకు తెలియనివి కావు, ఆ పిల్ల పొద్దున ఏమీ తినకుండా వచ్చిందట. 108కి ఫోన్ చేస్తే వాళ్లు తొందరగానే వచ్చారు. కానీ ఆ రోజు వేరే కాలేజీల వాళ్లకు కూడా మా దగ్గరే సెంటర్ పడింది, గేటుకు రెండు వైపులా బండ్లు రెండు మూడు వరుసల్లో ఉన్నాయి, చాలావాటికి హ్యాండిల్ లాక్ వేసి ఉంది, బండ్ల వాళ్లేమో హాల్లో పరీక్ష రాస్తున్నారు. అంబులెన్స్ మలుపు దగ్గరే ఆగిపోయింది. స్ట్రెచర్‌ను బండ్ల మధ్యలోంచి తీసుకెళ్లడానికి కుదరక చివరికి ఇద్దరు ఆయమ్మలు, ఒక మేడమ్ కలిసి ఆ అమ్మాయిని చేతుల మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చారు. దేవుడి దయవల్ల సాయంత్రానికి కోలుకుంది. దారికి అడ్డంగా ఉన్న బండ్లలో నాది కూడా ఒకటి. పరీక్ష అయ్యాక బయటికి వచ్చి ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. అదే గుండెపోటు అయి ఉంటే?

అంత జరిగినా రూలు మారలేదు. కాలేజీ వాళ్లు చెప్పే కారణం, బండి లోపల పోతే బాధ్యత మాది అవుతుంది అని. మరి బయట పోతే? నా ఫ్రెండ్ బండి పోయిన ఏడాది గేటు ముందు నుంచే పోయింది. వాళ్ల నాయన శనక్కాయలు అమ్మిన డబ్బుతో కొనిచ్చిన సెకండ్ హ్యాండ్ బండి. స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చాడు, ఇన్సూరెన్స్ వాళ్లను అడిగితే అది థర్డ్ పార్టీ పాలసీ, ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే వస్తుంది, సొంత బండి దొంగతనానికి రాదు అన్నారు. మాలాంటి వాళ్ల పాత బండ్లకు చాలావరకు ఉండేది అదే పాలసీ. పెట్రోల్ తీయడం సరే, అది మామూలైపోయింది. నో పార్కింగ్ చలానాలు కూడా మాకే వస్తాయి.

"బస్సులో రావచ్చు కదా" అని పెద్దవాళ్లు అంటారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చాక మా క్లాసులో అమ్మాయిలు కొందరు స్కూటీ మానేసి బస్సులోనే వస్తున్నారు, అది మంచిదే. మాకు కూడా స్టూడెంట్ పాస్ ఉంది. కానీ నేను కాలేజీ అయ్యాక సుభాష్ రోడ్డులో ఒక షాపులో రాత్రి తొమ్మిది దాకా పని చేస్తాను, ఆ తర్వాత మా ఊరికి బస్సు ఉండదు. నాలాంటి వాళ్లు ప్రతి క్లాసులో ఉన్నారు.

మా తప్పులు లేవని నేను అనడం లేదు. హెల్మెట్ లేకుండా వచ్చేవాళ్లు, ముగ్గురు ఎక్కి వచ్చేవాళ్లు ఉన్నారు. మా క్యాంపస్‌లోనే ఇంటర్ కూడా ఉంది, అక్కడ పదహారు పదిహేడేళ్ల పిల్లలు గేర్ బండ్లు వేసుకుని వస్తారు. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 నిండని పిల్లవాడు అలా నడిపితే తల్లిదండ్రులకో బండి యజమానికో 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడొచ్చు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇది మా జూనియర్లలో ఎంతమంది ఇళ్లల్లో తెలుసు? బండ్లు బయట ఉన్నన్నాళ్లూ ఎవరి దగ్గర లైసెన్స్ ఉందో కాలేజీ చూడదు. అదే లోపలికి రానిచ్చి, లైసెన్స్, ఇన్సూరెన్స్ కాపీలు ఇచ్చినవాళ్లకే స్టిక్కర్ అతికించి, హెల్మెట్ ఉంటేనే గేటు తీస్తే, పోలీసులు అవసరం లేకుండానే సగం మంది దారికి వస్తారు. స్టిక్కర్‌కు కొంత ఫీజు పెట్టినా కట్టడానికి మేం సిద్ధం, ఆ డబ్బుతో రేకుల షెడ్డు వేసి ఒక సీసీ కెమెరా పెడితే చాలు.

కాలేజీల నాణ్యతను తనిఖీ చేసే న్యాక్ వాళ్లు గ్రీన్ క్యాంపస్ చూస్తారు, అందుకే బండ్లు రానివ్వం అని కూడా ఒక సార్ చెప్పారు. వాహనాల రాకను తగ్గించమని న్యాక్ అడుగుతుంది, నిజమే. దాంతోపాటే సైకిళ్లు, బ్యాటరీ బండ్లు వాడాలని, నడిచేవాళ్లకు మంచి దారి ఉండాలని కూడా అడుగుతుంది. మా కాలేజీలో సైకిల్ స్టాండ్ లేదు. సైకిల్ మీద వచ్చే ఇద్దరు ముగ్గురు కూడా బయట కరెంటు స్తంభానికి గొలుసు వేసి వస్తున్నారు.

కాలేజీల యాజమాన్యాలను, ట్రాఫిక్ పోలీసు అధికారులను నేను అడిగేది ఇంతే. ఒకసారి గేట్ల దగ్గరికి వచ్చి చూడండి, అంబులెన్స్ తిరిగేంత జాగా గేటు ముందు వదిలించండి, లోపల ఖాళీ ఉన్నచోట మా బండ్లకు చోటు ఇవ్వండి. మా కాలేజీలో అయితే వచ్చే సెమిస్టర్ పరీక్షల లోపు ఆ ముళ్లకంప తీయిస్తే సరిపోతుంది. తీయడానికి మనుషులు లేరంటే ఒక ఆదివారం చెప్పండి, కొడవళ్లు పట్టుకుని మేమే వస్తాం.

– ఒక డిగ్రీ విద్యార్థి, అనంతపురం