టమాటా పూత రాలితే ఎరువు వేయకండి

సంపాదకులకు,

ఎండ 40 డిగ్రీలు దాటే మన అనంతపురంలో టమాటా పూత రాలగానే చాలామంది ఎరువు వేస్తున్నారు. దయచేసి ఆపండి. పగటి వేడి 35 డిగ్రీలు మించితే పుప్పొడి దెబ్బతిని పూత నిలవదు, అది ఎరువు లోటు కాదు. మొక్కలకు రెండడుగుల పైన సగం ఎండను ఆపే 50 శాతం షేడ్‌నెట్ (నీడ వల) కట్టండి. మొదళ్ల చుట్టూ రెండంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరవండి, మన జిల్లాలో దానికి కొదవా! కాండానికి మాత్రం ఆనించొద్దు, కుళ్లుతుంది. నీళ్లు తెల్లవారుజామునే పోయాలి.

బోరు నీళ్లతో కుండీ మట్టిపై తెల్లటి పొర కడితే అది ఉప్పు. ఆకుల అంచులు మాడేది చాలాసార్లు అందుకే. పొర గీకేసి, అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోయండి.

మల్లెను ఎండాకాలంలో కత్తిరిస్తే పూసే కొమ్మలే పోతాయి. ఆ పని డిసెంబరులో చేయాలి.

– ఒక పాఠకురాలు, అనంతపురం